వేరును అంటుకున్న మన్ను

సబ్బవరం వైపు వెళ్ళిన వాళ్ళకి సరుగుడు తోటల గురించి వేరే చెప్పనక్కర్లేదు. కాస్త గాలి వీస్తే చాలు, పక్కనే సముద్రం ఉందేమో అనిపించే హోరు! పెళ్ళిపందిరి గుంజకీ, మేస్త్రీల పరంజాకీ, పొయ్యిలో కట్టెకీ అన్నిటికీ అక్కరకొచ్చే చెట్టు. గోదావరి జిల్లాల్లో దీన్నే సరివి అంటారు. ఇంతగా మనలో కలిసిపోయిన ఈ చెట్టుకి ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాలు పుట్టిల్లు. మన పడమటి తీరాన కార్వారులో 1868లో నాటారని చెబుతారు. మద్రాసు వైపు రైలింజన్లకి కట్టెల కోసం తోటలు తోటలుగా పెంచారు. ఉత్త ఇసుకలోనూ, సత్తువలేని ఎర్రనేలలోనూ కూడా ఏపుగా ఎదుగుతుంది. దీనికి తిండి ఎక్కణ్ణించి వస్తోంది?

ఈ ప్రశ్న నాకు మా చిన్నాన్నగారి వల్ల పట్టుకుంది. సబ్బవరం దగ్గర ఆయనకి రెండెకరాల సరుగుడు తోట ఉంది. ఓసారి చెట్లు కొట్టించాక, కొత్త ప్లాట్లు మెరక చెయ్యడానికి మట్టి కావాలని ఎవరో అడిగితే, మంచి ధర వచ్చిందని గజం లోతున తవ్వించి అమ్మేశారు. "మట్టేగా!" అన్నారు. తరవాత మళ్ళీ సరుగుడే వేశారు. బస్తాల కొద్దీ యూరియా చల్లించారు. ఏడాది తిరిగినా మొక్కలు మోకాలెత్తు దాటలేదు.

తోట కాసే ముసలాయన మెల్లిగా అన్నాడట: "బాబూ, పాత తోటలో మన్ను నాలుగు తట్టలు తెచ్చి ఏత్తేగానీ ఇయ్యి లెగవు."

చిన్నాన్న నవ్వేశారు. "బస్తాల యూరియా చెయ్యలేని పని నాలుగు తట్టల మన్ను చేస్తుందిట్రా!"

చిత్రమేమిటంటే, సరిగ్గా ఈ తట్టెడు మన్ను సంగతే ఒకప్పుడు జర్మనీలో పెద్ద పెద్ద పండితుల్ని తికమక పెట్టింది. హెల్‌రీగల్ అనే ఆయన కుండీల్లో నత్రజని లేని ఇసుక పోసి, కొన్నింటిలో ఓట్లు, కొన్నింటిలో బఠాణీలు వేశాడు. ఓట్లు ఎంత ఎరువు వేస్తే అంతే పెరిగాయి, వెయ్యకపోతే మాడిపోయాయి. బఠాణీలు మాత్రం ఒక కుండీలో చచ్చిపోతే, పక్క కుండీలో పచ్చగా నవ్వుతున్నాయి. అప్పుడాయన తోటమట్టిని నీళ్ళలో కలిపి, ఆ తేటని ఇసుకలో పోశాడు. బఠాణీలన్నీ లేచాయి! అదే తేటని మరగకాచి పోస్తే లేవలేదు. అంటే మట్టిలో ప్రాణమున్నదేదో ఉంది. 1886 సెప్టెంబరులో బెర్లిన్ సభలో ఆయన ఈ సంగతి బయటపెట్టాడు. రెండేళ్ళకి, 1888లో, హాలెండు దేశస్థుడు బైయెరింక్ ఆ ప్రాణిని వేరుచేసి చూపించాడు. అదొక బాక్టీరియా.

వేరుశనగ మొక్కని పీకినప్పుడు వేళ్ళకి ఆవగింజల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి కదా, అవే దాని కాపురాలు. గోటితో గిల్లితే లోపల ఎర్రగా ఉంటుంది. మన రక్తంలో ఉండే పదార్థానికి చుట్టం లాంటిది ఆ ఎరుపు. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే అయినా మొక్క దాన్ని ముట్టుకోలేదు. నీళ్ళలో ఉండీ దాహంతో మాడినట్టు. బాక్టీరియా ఆ నత్రజనిని వండి పెడుతుంది, మొక్క దానికి చక్కెర ఇస్తుంది. పాతకాలపు పండితులు ఈ బుడిపెల్ని రోగమనుకున్నారు! పోషించే చుట్టాన్ని పట్టుకుని పీడ అనుకోవడం మనుషులకి కొత్తేమీ కాదు లెండి.

సరుగుడు పప్పుజాతి మొక్క కాదు. అయినా దాని వేళ్ళకీ బుడిపెలున్నాయి, పగడాల గుత్తుల్లా. వాటిలో ఉండే బాక్టీరియా పేరు ఫ్రాంకియా. ఆ పేరు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్‌ది. ప్రష్యాలో ప్రభువులు ఇష్టంగా తినే ఒక రకం పుట్టగొడుగుని తోటల్లో పండించే దారి చూడమంటే, ఆయన చెట్ల వేళ్ళు తవ్వి చూశాడు. వేళ్ళని శిలీంధ్రాల దారాలు అల్లుకుని ఉన్నాయి. అది తెగులు కాదు, స్నేహం అన్నాడు. 1885లో దానికి 'మైకోరైజా' అని పేరు పెట్టాడు; బూజు, వేరు కలిసిన మాట. వేరు చేరలేని సందుల్లోకి ఆ దారాలు చేరి భాస్వరం, నీళ్ళు తెచ్చిపెడతాయి. స్కాట్లండులో దొరికిన 40 కోట్ల ఏళ్ళనాటి మొక్కల శిలాజాల్లో కూడా ఇలాంటి శిలీంధ్రాలు కనిపించాయి. ఇక ఫ్రాంకియాని వేరు నుంచి విడదీసి పెంచడం 1978 దాకా ఎవరి తరమూ కాలేదు.

సరుగుడు వేరుకి ఇద్దరూ కావాలి: నత్రజనికి బాక్టీరియా, భాస్వరానికి శిలీంధ్రం. అదీ దాని వంటశాల రహస్యం.

మనిషి మాత్రం ఊరుకున్నాడా? గాలిలోని నత్రజనిని పట్టే విద్యని జర్మనీలో హేబరు కనిపెట్టాడు. 1913లో దాని మీద పెద్ద కర్మాగారమే వెలిసింది. దానికి మండే వేడి, గాలికి వందలరెట్ల ఒత్తిడి కావాలి. 1967లో విశాఖలోనూ ఎరువుల కర్మాగారం వచ్చింది. ఆ బస్తాలు మన గాదెలు నింపాయి, కాదనను. కాని ఆ కొలిమి చేసే పనినే సబ్బవరం సరుగుడు వేరు చప్పుడు చెయ్యకుండా, మన వాకిట్లో ఉండే వేడిలోనే చేసుకుంటోంది. పైగా యూరియా మరీ ఎక్కువైతే వేరు బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. అడక్కుండానే క్యారియర్ వస్తుంటే వంటమనిషిని ఎవరు ఉంచుకుంటారు?

1904లో హిల్ట్‌నర్ అనే ఆయన, వేరు చుట్టూ ఉండే పలచని మట్టిపొరలోనే ఈ బతుకంతా కిటకిటలాడుతుందని గుర్తించి, దానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టాడు. చిన్నాన్న లారీకెత్తించింది సరిగ్గా అలాంటి మట్టినే.

ఇప్పుడు సబ్బవరం మారిపోయింది. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది, ఆరు వరసల రోడ్డు వచ్చింది. ఊరు పెరగొద్దని ఎవరంటారు? ఇళ్ళు కావాలి, రోడ్లూ కావాలి. కాని కొట్టేసిన చెట్టుని మళ్ళీ నాటవచ్చు. గజం మట్టిని ఎత్తుకుపోతే, దానితో పోయిన కాపురాన్ని ఏ బస్తాలో తెచ్చి పోస్తాం?

చివరికి చిన్నాన్న కాదనలేక ముసలాయన మాట విన్నారు. పొరుగు తోటవాళ్ళని అడిగి, నాలుగు తట్టల మన్ను తెచ్చి రెండు వరసల మొదళ్ళలో వేయించారు. మరుసటి వానాకాలం దాటేసరికి ఆ రెండు వరసలూ నడుమెత్తు లేచాయి. మిగతావి ఇంకా ఆలోచిస్తున్నాయి.

నేను వెళ్ళినప్పుడు ఆయన వరసలోంచి ఒక మొక్కని పీకి, వేరుకున్న పగడాల గుత్తి చూపించారు. ఇంతలో పిన్ని గుమ్మంలోంచి కేకేసింది, "చేతులు కడుక్కుని రండి, అన్నం చల్లారిపోతోంది" అని. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళలేదు. ముందు నడిచి వెళ్ళి, మూడో వరసలో ఓ గిడసబారిన మొక్క మొదట్లో చేతులు దులిపారు.