మార్గేట్ ఇసుక మీద చక్రాల పర్దా

నాలుగు చక్రాల మీద ఒక చెక్క గది. లోపల కూర్చోవడానికి చిన్న బల్ల, బట్టలు తగిలించుకోవడానికి మేకులు. బయట కట్టిన గుర్రం. ఒడ్డున మెట్లెక్కి లోపలికెళ్లిన ఆడమనిషి బట్టలు మార్చుకునేలోగా గుర్రం ఆ గదిని మెల్లగా నీళ్లలోకి లాక్కుపోతుంది. సమందర్ వైపు తలుపు తెరిస్తే, కాన్వాసు గుడ్డతో చేసిన పెద్ద గొడుగులాంటి కప్పు నీళ్లను తాకేలా కిందికి దిగుతుంది. ఆ కప్పు చాటున, ఎవరి నజర్ పడకుండా ఆమె మునక వేస్తుంది.

ఇదేదో నవాబుగారి జనానా కోసం చేసిన బందోబస్తు అనుకునేరు. కాదు. ఇంగ్లండ్‌లో, కెంట్ జిల్లా తూర్పు కొసన ఉన్న మార్గేట్ అనే ఊళ్లో 1750 ప్రాంతంలో మొదలైన రివాజు. ఆ గుడ్డ కప్పు ఆలోచన బెంజమిన్ బీల్ అనే ఆయనది. చేతి తొడుగులు చేసుకు బతికే మనిషి, సాదగీకి పేరుపడ్డ క్వేకర్ జమాత్‌వాడు. స్నానపు బండ్లు అంతకుముందే ఉన్నాయి. స్కార్‌బరో తీరం మీద 1735లో గీసిన చిత్రంలో అలాంటి బండి కనిపిస్తుంది. బీల్ దానికి పర్దా కట్టాడు, అంతే. మన దగ్గర రిక్షాకు చుట్టూ చీర కట్టి ఆడవాళ్లను చుట్టాలిళ్లకు తీసుకెళ్లిన జమానా గుర్తున్నవాళ్లకు ఈ బండి కొత్తగా అనిపించదు.

అసలు ఆ చలినీళ్లలో దిగాలన్న షౌక్ వాళ్లకు ఎక్కణ్ణుంచి వచ్చింది? షౌక్ కాదు, ఇలాజ్. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు సముద్రపు నీళ్లతో గ్రంథుల జబ్బులు నయమవుతాయని లాటిన్‌లో ఒక కితాబు రాశాడు. మునగడమే కాదు, ఆ ఉప్పునీళ్లు తాగమని కూడా రాసిచ్చేవాడు. అమీర్లంతా ఒడ్డుకు బయలుదేరారు. 1789లో బీమారీ నుంచి కోలుకుంటున్న బాద్‌షా మూడో జార్జి వేమత్ వెళ్లి బండిలోంచి నీళ్లలో దిగితే, పక్క బండిలో దాక్కున్న బాజాబృందం ఆయన తల మునగ్గానే రాజుగారి సలామీ పాట వాయించిందట. తమాషా అలా ఉండేది.

గరీబుల సంగతి? ఇక్కడ మార్గేట్‌కు నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను. గండమాలతో, అంటే మెడ గ్రంథులకు పట్టే క్షయతో బాధపడే లండన్ పేదల కోసం జాన్ కోక్లీ లెట్సమ్ అనే డాక్టరు (ఈయనా క్వేకరే) 1791లో ఇక్కడ ఒక దవాఖానాకు పునాది వేయించాడు. 1796లో తలుపులు తెరుచుకున్నాయి. సముద్రపు గాలి, ఎండ, నీళ్లు అమీర్ల జాగీరు కాదని ఆ ఊరు అప్పుడే ఒప్పుకుంది. 1815 నుంచి ఆవిరి పడవలు, 1846లో రైలు వచ్చాయి. 1871 చట్టంతో బ్యాంకు సెలవులు దొరికాక మజ్దూర్ కుటుంబాలు కూడా పిల్లాపాపలతో దిగాయి. ఇవాళ మనం ఫ్యామిలీ బీచ్ అంటున్నది ఆ సఫర్ చివర తయారైనదే.

ఇసుకకూ ఆ బండికీ ఒక రిష్తా ఉంది. గుర్రం బండిని లాగాలంటే తీరం మెత్తగా, చదునుగా, లోతు కొద్దికొద్దిగా పెరిగేలా ఉండాలి. మార్గేట్ ఇసుక అలాంటిది. మూడేళ్ల పిల్లాడు మోకాలి లోతు నీళ్లలో ఆడుకోగలిగేదీ అందుకే.

ఇక హయా మాట. ఆ కాలపు ఇంగ్లండ్ మనకంటే హయాదారు అని చెప్పబోవడం లేదు. ఆడవాళ్లు పొడుగాటి గౌన్లలో, గుడ్డ చాటున మునుగుతుంటే, మగాళ్లు చాలా ఊళ్లలో నూలుపోగు లేకుండా ఈదేవాళ్లు. పైగా పర్దా కట్టినంత మాత్రాన నజర్ ఆగిందా? 1813లో థామస్ రోలండ్‌సన్ గీసిన ఒక వ్యంగ్యచిత్రం ఉంది. మార్గేట్ కొండ అంచున నిలబడ్డ మగాళ్లు దూర్బీన్లు పట్టుకుని కింద స్నానం చేసే ఆడవాళ్లను చూస్తుంటారు. సూరె నూర్‌లో చూపు దించుకోవాలన్న హుకుం ముందు మోమిన్ మర్దులకు, ఆ తర్వాతే ఔరతులకు వచ్చిందని మన మసీదుల్లో ఎన్నిసార్లు విన్నాం? ఆ బొమ్మ చూస్తే ఆ వరస ఎందుకో అర్థమవుతుంది.

హుకూమత్ కూడా ఊరుకోలేదు. ఆడవాళ్లు ఎక్కడ, మగాళ్లు ఎక్కడ స్నానం చేయాలో హద్దులు గీసే అధికారాన్ని 1847 నాటి పట్టణ పోలీసు చట్టం ఊళ్లకు ఇచ్చింది. జనానా ఒకవైపు, మర్దానా ఒకవైపు. ఖాందాన్ అంతా కలిసి నీళ్లలో దిగడం చాలా తర్వాతి మాట. 1901లో అందుకు ఇజాజత్ ఇచ్చిన మొదటి ఊరు తమదేనని బెక్స్‌హిల్ చెప్పుకుంటుంది. అంటే ఆడామగా కలిసి ఈదడం ఇంగ్లండ్‌కు అనాదిగా ఉన్న ఆచారం కాదు, నిండా నూటపాతికేళ్ల సంగతి.

ఈ తారీఖ్‌లో మనవైపు మనిషి కూడా ఒకడున్నాడు. 1759లో పట్నాలో పుట్టిన షేక్ దీన్ ముహమ్మద్. కంపెనీ ఫౌజులో చాకిరీ చేసి, ఐర్లండ్ చేరి, లండన్‌లో 1810లో హిందుస్తానీ ఖానా దుకాణం పెట్టి దివాలా తీసి, చివరికి బ్రైటన్‌లో ఆవిరి స్నానాల హమామ్ నడిపాడు. మన చంపీ అక్కడ షాంపూ అయింది. ఆయన హమామ్‌లోనూ పర్దాయే: రోగి ఫ్లానెల్ గుడ్డ డేరాలో ఉంటే, బయటివాడు ఆ గుడ్డకు కుట్టిన చేతుల్లోంచి తన చేతులు మాత్రం లోపలికి పెట్టి మాలిష్ చేసేవాడు. నాలుగో జార్జి, నాలుగో విలియం ఇద్దరికీ ఆయనే షాంపూ వైద్యుడు. ఆయన జేన్ డేలీ అనే ఐరిష్ అమ్మాయిని పెళ్లాడి క్రైస్తవం తీసుకున్నాడు. ఆ ముక్క మింగేసి, ముసల్మాన్ ఇంగ్లండ్‌ను గెలిచాడంటూ వాట్సాప్‌లో తిప్పడం నాకు నచ్చదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఆయన గొప్పకు లోటు లేదు.

ఇదంతా ఎందుకంటే, ఒళ్లంతా కప్పుకుని నీళ్లలో దిగే ఔరత్ యూరప్ ఒడ్డుకు పరాయిదన్న మాట మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. లెబనాన్ మూలాలున్న ఆస్ట్రేలియా మహిళ అహేదా జనేటీ 2004లో బుర్కినీ తయారుచేసింది. 2016 వేసవిలో ఫ్రాన్స్‌లోని కొన్ని తీర పట్టణాలు దాన్ని నిషేధిస్తే, ఆగస్టు 26న అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం విల్‌నవ్ లూబే నిషేధాన్ని నిలిపేసింది. ఇంగ్లండ్‌లో అలాంటి చట్టం లేదు. అయినా మన ఆడవాళ్లు వెనకాడేది చట్టానికి కాదు, చూపులకు. సూర్యలంకలోనూ, బందరు దగ్గర మంగినపూడిలోనూ చూస్తూనే ఉంటాం: మగపిల్లలు అలల్లో, అమ్మీలు, ఖాలాలు ఇసుకలో చెప్పుల కుప్పకు కాపలా.

కొడుకునో కూతురునో చూడటానికి లండన్ వెళ్లే ఖాందాన్లకు మార్గేట్ గురించి నాలుగు ముక్కలు. సెయింట్ పాంక్రాస్ నుంచి రైలు గంటన్నర. స్టేషన్ దిగితే నాలుగడుగుల్లో ఇసుక. ఆటుపోట్ల వేళలు ముందే చూసుకోండి. ఆటులో ఇసుక చాలా దూరం తేలుతుంది, పోటులో బాగా కుంచించుకుపోతుంది. వేసవిలో ఎరుపు, పసుపు జెండాల మధ్యనే పిల్లల్ని దించండి, కాపలావాళ్ల కన్ను ఉండేది అక్కడే. జూన్‌లో మగ్రిబ్ రాత్రి 9 దాటాకే, కాబట్టి జొహర్, అసర్ రెండూ ఒడ్డునే పడతాయి. ఖిబ్లా అక్కడ ఆగ్నేయం, సమందర్ వీపు వెనక. మంగినపూడిలో పడమటికి తిరిగినా సమందర్ వెనకే కదా, అలవాటైన ఇంతెజామే. ఒక దుప్పటి, ఒక మందపాటి తువ్వాలు తప్పకుండా పెట్టుకోండి, జులైలో కూడా నీళ్లు వణికిస్తాయి. బుర్కినీ ఇక్కడినుంచే కొనుక్కెళ్లండి. చెప్పుల కుప్ప కాపలాకు ఈసారి అబ్బాను కూర్చోబెట్టండి.