పన్నెండు మెట్ల కిన్నెర

పాలమూరు పల్లెల్లో పండుగ సాయన్న పేరు తెలియనివారు తక్కువ. నిజాం పాలనలో ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన ఈ వీరుణ్ణి జనం నోట నిలిపిన వాద్యాల్లో కిన్నెర ముఖ్యమైనది.

కిన్నెర చరిత్ర చాలా పాతది. 13వ శతాబ్దపు 'సంగీత రత్నాకరం'లో శార్ఙ్గదేవుడు కిన్నరీ వీణను లఘ్వి, బృహతి అని రెండు రకాలుగా వర్ణించాడు. పాల్కురికి సోమనాథుడి 'బసవపురాణం'లో కిన్నెర వాయించే కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ ఉంది. తర్వాతి కాలంలో కచేరీ వేదికల మీద ఈ వాద్యం వినబడకుండా పోయింది. నల్లమలలో చెంచుల దగ్గర, మైదాన పల్లెల్లో డక్కలివారి దగ్గర మాత్రం మిగిలింది. మాదిగలకు జాంబపురాణం చెప్పి, వాళ్లిచ్చింది తీసుకుని బతికే కులం డక్కలి. అందరికన్నా అట్టడుగున ఉంచబడినవాళ్లే ఇంత పాత వాద్యాన్ని కాపాడారు.

దీని సరంజామా అంతా అడవిదీ, చేనుదీ. దండి వెదురు బొంగు. దాని కింద ఎండబెట్టి లోపల తొలిచిన సొరకాయ బుర్రలు. తీగ మీటితే నాదం గుమ్మని నిండేది వాటిలోనే. మెట్లను బొంగు మీద తేనెమైనంతో నిలబెడతారు. పూర్వం మెట్లకు అలుగు పెంకులు, తీగలకు జంతువుల నరాలు, వెంట్రుకలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అలుగును వేటాడటం నేరం కాబట్టి ఆ పెంకులు ఇప్పుడు వాడకూడదు. ఎద్దుకొమ్ములు, పూసలు, అద్దాలు, నెమలి ఈకలు కిన్నెరకు సింగారం.

లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు పేరు తెచ్చారు. పండుగ సాయన్న, పానుగంటి మియాసాబు కథలను ఆయన ఊరూరా పాడారు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట ఆయన గొంతుతోనే మొదలైంది. 2022లో పద్మశ్రీ వచ్చింది.

సినిమాకు కొండగాలి తగిలించిన కళాకారుడికి పురస్కారం దక్కడం సంతోషమే. కానీ పురస్కారంతో కిన్నెర నిలవదు, పిల్లలు నేర్చుకుంటే నిలుస్తుంది. దాంతో కడుపు నిండుతుందన్న నమ్మకం ఉంటేనే వాళ్లు నేర్చుకుంటారు. మీ ఊరి జాతరకో, బడి వార్షికోత్సవానికో ఒక కిన్నెర కళాకారుణ్ణి పిలవండి. దానంగా కాదు, కచేరీ విద్వాంసుడికి ఇచ్చినట్టే పారితోషికం ఇవ్వండి.