ధనాపేక్ష (క్రైస్తవ ధర్మమున)

ధనాపేక్ష యనగా ఐహికవస్తువులయందలి మితిమీరిన ఆశ. క్రైస్తవ నీతిశాస్త్రము ఆత్మనాశకములని యెంచిన ఏడు ప్రధాన పాపములలో నిది యొకటి. కొట్లు విప్పి అంతకంటె గొప్పవి కట్టింపదలచి ఆ రాత్రియే ప్రాణము విడిచిన ధనికుని ఉపమానమును లూకా సువార్త చెప్పుచున్నది. కొలొస్సయులకు వ్రాయబడిన పత్రిక ధనాపేక్షను విగ్రహారాధనముగా గణించినది. దేవునియందుంచవలసిన నమ్మికను సిరియందుంచుటయే యిందలి ఆపద. సంపద స్వతః పాపము కాదనియు, దానిపై గల వ్యామోహమునే హృదయమునుండి పెకలింపవలెననియు అలెగ్జాండ్రియా వాసియగు క్లెమెంటు క్రీ.శ. 200 ప్రాంతమున వాదించెను.

ఈ దోషమును మిక్కిలి లోతుగా పరిశీలించినవారు నాలుగవ శతాబ్దమున ఐగుప్తు ఎడారులలో తపమాచరించిన సన్న్యాసులు. వారిలో నొకడగు ఎవాగ్రియసు (345–399) మనస్సును బాధించు దుష్టచింతనలను ఎనిమిదిగా విభజించి, దీర్ఘమైన వార్ధక్యమును, పనిచేయలేని చేతులను, రాబోవు క్షామములను, రోగములను, పరులయెదుట చేయి చాపవలసిన అవమానమును కన్నులకు కట్టించి ధనాశ మనుజుని లోగొనునని వ్రాసెను. భోగేచ్ఛవలన గాక భయమువలన లోభము పుట్టునని గ్రహించిన ఈ సూక్ష్మదృష్టికి సాటివచ్చునది తరువాతి శతాబ్దములలో అరుదు. నిట్రియాలో నారబట్టలు నేసి నూరు బంగారునాణెములు కూడబెట్టి మరణించిన సన్న్యాసి యొకని ధనమును ఏమి చేయవలెనను చర్చ పుట్టగా, బీదలకో దేవాలయమునకో బంధువులకో యిమ్మని కొందరనినను, పెద్దలు దానిని అతని శవముతోనే పూడ్పించిరని క్రైస్తవ పండితుడగు జెరోము 384లో వ్రాసిన లేఖలో కలదు. ఆ తీర్పు కఠినముగా తోచును. కాని సర్వమును త్యజించినవానియందు సైతము ఆశ నిలిచియుండుట వారికి మహాభయంకరమయ్యెను.

ఎడారిలో స్వీయశోధనమైనది కప్పదొకియాలో సంఘధర్మమయ్యెను. 369 ప్రాంతమున అచ్చట ఘోరక్షామము సంభవింపగా, క్రైస్తవాచార్యుడగు బాసిలు ఆ కొట్ల ఉపమానమునే గ్రహించి, ధాన్యము దాచి ధర పెరుగుటకై వేచియున్న భూస్వాములను తీవ్రముగా ఖండించుచు, అవసరమునకు మించి దాచినది ఆకలిగొన్నవారి సొత్తే యని బోధించెను. పిమ్మట కైసరయ నగరము వెలుపల దరిద్రులకును రోగులకును ఆశ్రయస్థానమును నిర్మించెను.

ఎవాగ్రియసు విభాగమును కాసియను అను సన్న్యాసి గాలు దేశమునకు కొనిపోగా, ఆరవ శతాబ్దాంతమున మొదటి గ్రెగొరి పోపు దానిని సంస్కరించి, గర్వమును సర్వపాపములకు మూలముగను, లోభమును దాని సంతతిలో నొకటిగను నిలిపెను. నాణెముల వాడుకయు వర్తకమును ప్రబలిన కాలమున లోభమే అగ్రపాపమను మాట వినవచ్చెను. 1179లో మూడవ లాటరను మహాసభ ప్రసిద్ధులైన వడ్డీవ్యాపారులకు క్రైస్తవ భూస్థాపనమును నిషేధించెను. నాణెమును తాకవలదని శిష్యులను శాసించిన అసిసీ ఫ్రాన్సిసు 1226లో మరణించిన పిదప, ఆ దారిద్ర్యవ్రతమెట్టిదను విషయమై అతని సంఘమే చీలిపోయెను.

ప్రొటెస్టంటులలో జాను వెస్లీ (1703–1791) చేసిన విచారణ ప్రత్యేకముగా పేర్కొనదగినది. భక్తి శ్రమశీలమును మితవ్యయమును కలిగించును. అవి సంపదను పెంచును. సంపద ఆ భక్తినే హరించును. తన అనుచరులు ఇట్లే ధనికులగుచుండుట చూచి వార్ధక్యమున మిగుల వ్యథ చెందిన వెస్లీ, ఆర్జించి పొదుపుచేసినవాడు శక్తికొలది దానము చేయుట తప్ప వేరు మార్గము లేదని తుదివరకు ప్రబోధించెను.