నీటి కొరతలో గొర్రె జీర్ణక్రియ: పెరిగే శాతం, తరిగే పోషణ

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. రెండు చోట్లా కలిపి మూడున్నర కోట్లకు పైగా గొర్రెలున్నాయి. వీటిలో ఎక్కువ భాగం మెట్ట ప్రాంతాల్లో తిరిగి మేసేవే. ఈ మందల మేత గురించి మాట్లాడినంతగా తాగునీటి గురించి మాట్లాడం.

మండు వేసవిలో అనంతపురం వైపు మందలకు దొరికేది వేరుశనగ కట్టె, జొన్న చొప్ప, కోసిన చేలల్లో మిగిలిన మొదళ్లు. పచ్చిమేతలో నూటికి 70–80 పాళ్లు నీరే ఉంటుంది. ఎండుమేతలో అది సుమారు 10 పాళ్లు. అంటే మేతతో వచ్చే నీరు ఆగిపోయిన నెలల్లోనే కుంటలూ ఎండుతాయి. చల్లటి రోజుల్లో కిలో పొడి మేతకు రెండు మూడు లీటర్లు తాగే గొర్రె, ఎండ ముదిరాక అంతకు చాలా ఎక్కువ కోరుతుంది.

నీరు చాలనప్పుడు గొర్రె మొదట తగ్గించుకునేది మేతనే. రక్తం చిక్కబడుతుంది, లాలాజలం తగ్గుతుంది, ఎండుమేత నమలడమే కష్టమవుతుంది. తిన్నది తక్కువ కావడంతో అది రూమెన్‌లో, అంటే మొదటి పొట్టలో, ఎక్కువసేపు నిలుస్తుంది. పీచును విడగొట్టే సూక్ష్మజీవులకు అదనపు సమయం చిక్కుతుంది. అందుకే నీటిని పరిమితం చేసిన అనేక ప్రయోగాల్లో జీర్ణశాతం కొంత పెరిగినట్టు తేలింది. ఇక్కడే చదివేవాళ్లు పొరపడే వీలుంది.

ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. నీరు సమృద్ధిగా ఉన్న గొర్రె రోజుకు 1000 గ్రాముల పొడి మేత తిని 55 శాతం జీర్ణం చేసుకుంటే దానికి దక్కేది 550 గ్రాములు. నీటి కొరతలో 700 గ్రాములే తిని 60 శాతం జీర్ణం చేసుకుంటే 420 గ్రాములు. శాతం పెరిగినా ఒంటికి పట్టింది మాత్రం దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ లోటును గొర్రె తన కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది.

నత్రజని సంగతి ఇంకా ఆసక్తికరం. మూత్రం తగ్గినప్పుడు యూరియా రక్తంలో నిలిచి, లాలాజలం ద్వారానూ రూమెన్ గోడ ద్వారానూ తిరిగి పొట్టలోకి చేరుతుంది. సూక్ష్మజీవులు దానితో ప్రోటీన్ తయారుచేసుకుంటాయి. చొప్ప లాంటి నాసిరకం మేత మీద బతికే జీవానికి ఇది నిజంగా మేలే, కానీ ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవడమే తప్ప ఇందులో కొత్తగా వచ్చి చేరేదేమీ లేదు. పైగా ఆ ప్రోటీన్ తయారు కావడానికి శక్తి కావాలి, అది మేత నుంచే రావాలి.

ఈ పొదుపంతా దొడ్డిలో కంటికి కనిపిస్తుంది. పెద్దపేగు చివరి చుక్క దాకా పీల్చుకోవడంతో పెంటికలు చిన్నవై, గట్టిపడి, దేనికది విడివిడిగా రాలుతాయి. మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా పడుతుంది. అవి చూసి జీవాలకు నీళ్లు చాలడం లేదని గుర్తించవచ్చు, రక్తపరీక్ష దాకా పోనక్కరలేదు.

రూమెన్ నీటికి కూడా నిల్వచోటే. దాహంతో వచ్చిన గొర్రె ఒక్కసారిగా చాలా నీరు తాగినా అది కొంతసేపు అక్కడే నిలిచి, నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ మాల్పురా గొర్రెల మీద చేసిన పని ఎడారి అంచు జాతులు నీటి కొరతను తట్టుకునే ఓర్పును మనకు పరిచయం చేసింది. ఆ ఓర్పును చూపి అన్ని జాతులకూ, అన్ని దశలకూ ఒకే కొలత పెట్టలేం. పాలిచ్చే గొర్రెకు వెసులుబాటు తక్కువ. దాని పాలలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే, కాబట్టి కొరత ముందుగా పిల్ల ఎదుగుదల మీద పడుతుంది. దాణా పెట్టి బలిపించే పొట్టేళ్లకు నీళ్లు తగ్గితే మూత్రనాళంలో రాళ్లు అడ్డుపడే ముప్పు పెరుగుతుంది.

కాబట్టి నీటి పరిమితిపై ప్రయోగాలు చేసేవారు జీర్ణశాతం పక్కనే రోజుకు జీర్ణమైన మేత బరువునూ ప్రచురించాలి. వేసవి మేత పథకాలు రాసేవారు ప్రతి టన్ను ఎండుమేతకు ఎన్ని వేల లీటర్ల నీరు కావాలో అదే పత్రంలో లెక్క చూపాలి.