నాదమునకు చోటు

తిరుత్తణి కొండ పేరు వినినంతనే సంగీతాభిమానులకు ముత్తుస్వామి దీక్షితులవారు జ్ఞప్తికి వత్తురు. కుమారస్వామి వృద్ధుని రూపమున వచ్చి నోట కలకండ వేయగా, దీక్షితులవారు మాయామాళవగౌళ రాగమున 'శ్రీనాథాది గురుగుహో' అను తొలి కీర్తనను ఈ క్షేత్రముననే రచించిరని సంప్రదాయము. ఆయన వైణికులు కూడ. కాని 1835లో ఆయన పరమపదించునాటికి ధ్వనిని పట్టి తిరిగి వినిపించు యంత్రము ప్రపంచమున ఎచ్చటను లేదు. ఆ వీణ ఎట్లు పలికెనో నేడు వినుటకు మార్గము లేదు.

కీర్తనలు మాత్రము దక్కినవి. వానిని మొదట శిష్యపరంపరయు, పిమ్మట తెలుగు లిపియు నిలిపినవి. సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో తమిళదేశపు ఎట్టయపురమున తెలుగు గ్రంథముగ అచ్చయినది. ఈ సంగతి మనవంటి కుటుంబములవారు మరువదగినది కాదు. అయినను లిపి స్వరమును చెప్పును, గమకమునకు గుర్తు పెట్టును. తంత్రి మీటినపుడు పుట్టు నాదమును చెప్పజాలదు.

ఆ లోటు తీర్చుటకు గ్రామఫోను వచ్చినది. 1925 ప్రాంతమున విద్యుత్ పద్ధతి వచ్చువరకు గాయకులును వాద్యకారులును పెద్ద బాకా ముందు నిలిచి పాడవలసి యుండెను, వాయింపవలసి యుండెను. వయొలిన్ వంటి సన్నని నాదము ఆ బాకాకు సరిగ అందెడిది కాదు. అందుచేత పాశ్చాత్యులు చెక్కబుర్రకు బదులు లోహపు బాకా తగిలించిన వయొలిన్లను గూడ వాడిరి. మైక్రోఫోను వచ్చిన పిదప వాద్యము తన సహజ ధ్వనితోనే రికార్డునకు ఎక్కగలిగెను.

ఈ వయొలిన్‌ను మన సంగీతమునకు అలవరచిన తొలివారిలో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒకరు. దానిని తెలుగువారి కీర్తిగ నిలిపినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964). పక్కవాద్యమైన వయొలిన్‌ను ఆయన ప్రధాన వాద్యముగ సభ నెక్కించిరి. 1938లో మనకు చేరువనున్న వేలూరున తొలి సోలో కచ్చేరి చేసిరని చెప్పుదురు. 1952లో యెహుదీ మెనూహిన్ మద్రాసున న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదనము విని ముగ్ధుడయ్యెను. ఆనాటి గ్రామఫోను పలకలలో నాయుడుగారి కమాను సొంపు నేటికిని వినవచ్చును. కాని అవి ఒకే వరుసలో పట్టిన ధ్వనులు. వయొలిన్, మృదంగము, తంబుర అన్నియు ఒకే రంధ్రమునుండి వచ్చినట్లుండును. ఎవరు ఏ వైపున కూర్చుండిరో, ఇంటి కూటము ఎంతటిదో ఆ పలక చెప్పదు.

మనకు చెవులు రెండుండుట వ్యర్థము కాదు. కుడివైపు ధ్వని కుడిచెవికి కొంచెము ముందుగను బిగ్గరగను చేరును. ఆ స్వల్పభేదముచేతనే అది ఎచటిదో గ్రహింతుము. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనమున క్లెమెంట్ ఆడెర్ నాటకశాల రంగస్థలముపై జంటలుగ ప్రేషకము లుంచి, రెండు టెలిఫోను గొట్టములద్వారా దూరపు శ్రోతలకు సంగీతము వినిపించెను. అర్ధశతాబ్ది గడచిన పిదప, 1931లో, ఆంగ్ల ఇంజనీరు ఆలన్ బ్లుమ్లైన్ స్టీరియో పద్ధతికి పేటెంటు కోరెను. 1934లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నడపిన మోట్సార్ట్ సింఫొనీ అభ్యాసమును ఆ పద్ధతిని ముద్రించిరి. బ్లుమ్లైన్ 1942లో రాడార్ పరీక్షలలో విమానప్రమాదమున మరణించెను. స్టీరియో పలకలు అంగడికి వచ్చినది 1958లో.

ఇందు మెలకువ యంతయు మైకుల అమరికయందే కలదు. బ్లుమ్లైన్ ముందువెనుకల రెండింటను వినగల రెండు మైకులను ఒకేచోట 90 డిగ్రీల కోణమున అడ్డముగ నుంచెను. ముందువైపు మాత్రమే ఎక్కువగ వినెడి మైకులను అట్లే జతచేయుట మరొక పద్ధతి. ఫ్రెంచి రేడియోవారు రెంటి నడుమ 17 సెంటీమీటర్ల ఎడము, 110 డిగ్రీల కోణము పెట్టిరి. ఆ ఎడమును దాటుటకు ధ్వనికి పట్టు కాలము సెకనులో రెండువేలవ వంతు. చెవికి అది చాలును. మైకులను బారెడు దూరమున విడదీసినచో విశాలత హెచ్చును గాని, రెంటిని కలిపి ఒకే స్పీకరులో వినునపుడు కొన్ని ధ్వనులు పలుచబడును.

మన వాద్యములకు ఈ శాస్త్రమును వివేకముతో అన్వయింపవలెను. మృదంగపు రెండు ముఖములకు చెరియొక మైకు దగ్గరగ పెట్టినచో, ఆ వాద్యము గదియంత వెడల్పుగ వినబడును. ఏ శ్రోతయు దాని నట్లు వినియుండడు. వీణనాదము కుండనుండియే గాక వాద్యమంతటినుండియు వెలువడును గనుక, మైకును తంత్రులకు ఆనించినచో మీటుల చప్పుడే మిగులును. నాలుగైదడుగుల ఎడమున, శ్రోత కూర్చుండు చోట జంటమైకుల నుంచుట మేలు. నాదస్వరము, డోలు బిగ్గరవి. వానికి మరింత దూరమును, ఆరుబయలో మండపమో తగును.

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. ఎల్లలు మారినను తెలుగు మన ఇండ్ల కూటములలో నిలిచినది. పెద్దల పాటలును ఆ కూటములలోనివే. కనుక మేము మనవి చేయునది ఇది: ఇంట వీణ వాయించు అవ్వ యున్నను, మంగళహారతి పాడు అత్త యున్నను, వారిని ఎచటికో కొనిపోక, వారు నిత్యము కూర్చుండు చోటనే ముద్రింపుడు. జంటమైకులు గల చేతిరికార్డరు నేడు సులభముగ లభించుచున్నది. పంకా ఆపి, కిటికీ మూసి, వినువాని స్థానమున దాని నుంచుడు. పాడినవారి పేరు, రాగము, ఊరు, తేదీ తెలుగులో వ్రాసిపెట్టుడు. ప్రతులు రెండు వేర్వేరు ఇండ్లలో దాచుడు. ఒక వరుసలో పట్టిన ధ్వనిని తరువాత రెండుగ విడదీయ యత్నింపవచ్చును గాని, ఆ గదిని, ఆ దూరమును ఉన్నవున్నట్లు తిరిగి తేలేము. దీక్షితులవారి వీణ మనకు దక్కలేదు. మన అవ్వ వీణ దక్కుట మాత్రము మన చేతిలోనే యున్నది.