నియో అడ్జువెంట్

లాటిను భాషలో ‘అడ్జువారె’ యనగా తోడ్పడుట. దానినుండి పుట్టిన ‘అడ్జువెంట్’ అను మాటకు, మన వైద్యులు మందును తేనెతోనో అల్లపురసముతోనో రంగరించి యిచ్చునప్పుడు వాడెడి ‘అనుపానము’ దగ్గరి చుట్టమని నాకు తోచును. క్యాన్సరు వైద్యమున శస్త్రచికిత్స ముగిసిన పిమ్మట, కంటికగపడక మిగిలిన కణములను రూపుమాపుటకై యిచ్చు కీమోథెరపీకి ఈ పేరు స్థిరపడెను. ఆ తోడ్పాటే శస్త్రచికిత్సకు ముందునకు జరిగినప్పుడు, ‘క్రొత్త’ యను నర్థముగల గ్రీకు ‘నియో’ను తగిలించిరి. క్రొత్తదనుటకన్న ముందటిదనుటయే యుక్తము. సుశ్రుతుడు చెప్పిన పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మలలో మొదటి మాట యిచ్చట చక్కగా నతుకును.

గర్భాశయపు లోపొరలో పుట్టిన క్యాన్సరునకు సాధారణముగా ముందు శస్త్రచికిత్సయే: గర్భసంచిని, అండాశయములను, వాటి నాళములను తొలగింతురు. కాని వ్యాధి ఉదరకుహరమంతటను వ్యాపించి, పేగులను కప్పియుండు కొవ్వుపొర గడ్డలు కట్టి, పొట్టలో నీరు చేరి రోగి నీరసించియున్నప్పుడు, వ్యాధినంతయు ఒక్కమారుగా తీసివేయుట దుస్సాధ్యము, ప్రాణాపాయకరము కూడ. అట్టి స్త్రీకి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అను మందులను 3 వారముల కొకసారి చొప్పున, తరచుగా 3 లేక 4 మార్లు నరములోని కెక్కించి, గడ్డలు కుదించుకొనిపోయినవని స్కానింగులో తెలిసిన పిమ్మట శస్త్రము చేయుదురు. మిగిలిన మోతాదులు అటుతరువాత.

ఆపరేషను వాయిదా వేసిరని ఇంటివారు బెంగపడుచుందురు. వారికి లాటినును గ్రీకును వినిపింపక, ‘ముందు మందు, తరువాత ఆపరేషను’ అనినచో వెంటనే బోధపడును.