పట్టు పోగు కన్నా సన్నని మందు

గద్వాల జిల్లా గట్టు మండలంలో బుధవారం, శనివారం వచ్చాయంటే నర్సమ్మ భుజాన టీకాల డబ్బా ఉన్నట్టే. ఐసు ప్యాకుల మధ్య చిన్న సీసాలు. హెపటైటిస్-బి సీసా తీసి ఊపితే పాలు కలిపిన నీళ్లలా కనిపిస్తుంది. ఆ తెలుపు అల్యూమినియం లవణానిది. అసలు మందు కంటికి ఆనదు. దాని కణం వ్యాసం 22 నానోమీటర్లు. గద్వాల చీర అంచులోని పట్టు దారాన్ని విప్పుతూ పోతే చివరకు మిగిలే ఒంటి పోగు సుమారు 10 మైక్రాన్లు ఉంటుంది. ఆ పోగు మందంలో ఈ కణాలు నాలుగు వందలకు పైగా వరుసగా పడతాయి.

నానో వైద్యం అనగానే రక్తంలో ఈదే యంత్రాలను ఊహించుకుంటాం. తెలుగు పల్లెలకు మాత్రం అది ఏనాడో సూదిమందుగా వచ్చేసింది.

అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ 1965లో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో దొరికిన కొత్త ప్రొటీన్ గురించి ప్రకటించారు. తీరా చూస్తే అది హెపటైటిస్-బి వైరస్ పైతొడుగు. ఈ వైరస్ తనకు కావలసిన దానికంటే ఎన్నో రెట్లు ఖాళీ తొడుగులను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. లోపల జన్యువు లేదు కనుక అవి జబ్బు చేయవు. ఒంటికి మాత్రం శత్రువును గుర్తుపట్టడం నేర్పుతాయి. 1981లో వచ్చిన తొలి టీకా రోగుల రక్తం నుంచి వడగట్టినదే. 1986 నాటికి అదే తొడుగును ఈస్ట్ కణాలతో చేయించడం అమెరికాలో సాధ్యమైంది.

మన దగ్గర అడ్డొచ్చింది ధర. దిగుమతి టీకా డోసు వందల రూపాయలు పలికేది. కూలి చేసుకునే ఇంట్లో దాని ఊసే ఉండేది కాదు. ఈ వైరస్ సోకి పచ్చకామెర్లు వస్తే పసరు మందే దిక్కయ్యేది. కామెర్లు చాలాసార్లు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు దక్కుతుంది. కానీ పుట్టేటప్పుడు తల్లి నుంచి హెపటైటిస్-బి అంటిన పిల్లల్లో పదింట తొమ్మిది మందికి అది ఒంట్లోనే ఉండిపోతుంది. పెద్దయ్యాక వారిలో కొందరికి కాలేయం గట్టిపడటమో, క్యాన్సరో. పుట్టిన 24 గంటల్లోపే తొలి సూది వేయాలనేది అందుకే.

ఈ కథలో హైదరాబాద్ వంతు 1993లో మొదలైంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి, తల్లి శాంతమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. జీవశాస్త్రం ఆయన చదువు కాదు. సాంకేతికత బయటినుంచి దొరకలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత కణ, అణుజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో చోటు తీసుకుని పరిశోధన సాగించారు. ఒమన్ నుంచి పెట్టుబడి వచ్చింది. పీకియా అనే ఈస్ట్‌తో తొడుగులు చేయించారు. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి టీకా బజారులోకి వచ్చింది, డోసు దాదాపు 50 రూపాయలకు! ఇంజనీరు మొండిపట్టు ఎంత గొప్పదో ఆ ఒక్క అంకెలో కనిపిస్తుంది. భారత్ బయోటెక్ లాంటి సంస్థలూ రంగంలోకి దిగాయి. 2011 నాటికి దేశమంతటా ప్రభుత్వ టీకాల జాబితాలో హెపటైటిస్-బి టీకా చేరింది.

గట్టు లాంటి, కర్ణాటక సరిహద్దు పక్కనున్న ఊళ్లలో ఎండను చూసి టీకా వేడికి పాడవుతుందని భయపడతాం. కానీ ఈ టీకాకు గడ్డకట్టడమూ ప్రమాదమే. గడ్డకడితే అల్యూమినియం లవణం తునకలుగా ముద్దకట్టి అడుగుకు దిగుతుంది, మందు పనికిరాదు. అందుకే ఫ్రీజరులోంచి తీసిన ఐసు ప్యాకులను వెంటనే డబ్బాలో పెట్టరు. కాసేపు బల్లమీద పరిచి ఉంచి, చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే సీసాల పక్కన సర్దుతారు.